మా పాప గొంతు రికార్డు చేసి అందరికీ పంపుతున్నారు. బడికి వెళ్లి చెప్పాలా, వద్దా?

మర్రిపాలెం_అమ్మ
మాది శ్రీకాకుళం జిల్లా పలాస. మా ఆయనకి ఉద్యోగం మారడంతో జూన్‌లో విశాఖ వచ్చి మర్రిపాలెంలో ఇల్లు తీసుకున్నాం. పాప ఎనిమిదో తరగతి, సీబీఎస్ఈ బడి. చేరిన వారంలోనే తెలుగు పీరియడ్‌లో లేచి "మాస్టారూ, ఇంకోపాలి సెప్పండి" అందట. మా వైపు పాలి అంటే సారి. క్లాసంతా నవ్వారు. ఆ రోజు నుంచి దాని పేరు "ఇంకోపాలి". అక్కడితో ఆగి ఉంటే నేనూ ఇక్కడ రాసేదాన్ని కాదు.

గత నెలలో పక్క బెంచీ అమ్మాయికి "రేపు సైన్సు బుక్కు తేవాలేటి?" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ అమ్మాయి దాన్ని క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో వేసింది. ఎవరో దానికి డప్పు శబ్దం కలిపారు. ఇప్పుడు మా పాప పేరుతో, క్లాసు ఫోటోలోంచి కత్తిరించిన దాని మొహంతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక అకౌంట్ ఉంది. అందులో ఆ గొంతే పదే పదే. కింద వేరే సెక్షన్ల పిల్లల కామెంట్లు కూడా ఉన్నాయి.

నాకు ఇవన్నీ మొన్ననే తెలిశాయి. ఆదివారం రాత్రి అయ్యేసరికి కడుపునొప్పి అంటోంది. ఇంట్లో కూడా పుస్తకం చదివినట్టు మాట్లాడుతోంది. వాళ్ల అమ్మమ్మ ఫోన్ చేస్తే "హోంవర్కుంది" అని పెట్టేస్తోంది. ముందే తెలియక నేనూ "బళ్లో కాస్త చూసుకుని మాట్లాడమ్మా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు.

బడిలో చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మా ఆయన ఆ కుర్రాళ్ల ఇళ్లకి వెళ్తానంటున్నారు. ఏం చేయమంటారు?

సీతమ్మధార_శ్రీను
రేపే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లండి. మీ ఆయన్ని మాత్రం వాళ్ల ఇళ్లకి పంపకండి. రెండు కుటుంబాల గొడవ అయిపోతే పాప సంగతి ఎవరికీ పట్టదు.

గాలిపటం_77
పిల్లలన్నాక ఏడిపించుకుంటారండి. మా కాలంలో నన్ను బుడంకాయ అనేవారు. రెండు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు. పాపని గట్టిగా ఉండమనండి. అంతగా అయితే ఇక్కడి మాట నేర్చుకుంటే సరిపోతుంది.

కెరటం
గాలిపటం గారూ, మిమ్మల్ని అన్నవాళ్లు బడి వదలగానే ఎవరింటికి వాళ్లు పోయేవారు. ఈ పాప ఇంటికొచ్చి తలుపేసుకున్నా ఫోన్‌లోకి వస్తున్నారు. పైగా "ఇక్కడి మాట" అంటే ఏది? కంచరపాలెంలో, పెందుర్తిలో ఎవరూ "ఏటి" అనరా?

జాలరిపేట_లక్ష్మి
నన్ను చేపల వాసన అనేవారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా. రోజూ తెల్లారి రెండుసార్లు స్నానం చేసి, చాలా పౌడర్ రాసుకుని వెళ్లేదాన్ని. అయినా ముక్కు మూసుకునేవారు. ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఈ రోజుకీ లిఫ్టులో ఎవరైనా ముక్కు మీద చెయ్యి పెట్టుకుంటే గుండె దడ. మర్చిపోయేది ఏడిపించినవాళ్లు గాలిపటం గారూ, మేము కాదు.

గాలిపటం_77
మిమ్మల్ని నొప్పించాలని అనలేదమ్మా. క్షమించండి.

చినవాల్తేరు_సైకాలజిస్ట్
ఆదివారం రాత్రి కడుపునొప్పి నేను తరచూ వినే మాట. అది నటన కాదు, నొప్పి నిజంగానే వస్తుంది. సోమవారం అనే ఆలోచనకే ఒళ్లు అలా స్పందిస్తుంది.

సరదాగా ఏడిపించడానికీ దీనికీ తేడా ఎక్కడుందో చెప్తాను. ఈ విషయం మీద 1970ల నుంచి స్వీడన్, నార్వేల్లో పరిశోధన చేసిన డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పారు. కావాలని చేయడం ఒకటి, పదే పదే చేయడం రెండు, ఇద్దరి మధ్య బలం సమానంగా లేకపోవడం మూడు. కొత్తగా వచ్చిన పిల్ల ఒక్కతే ఒక వైపు, పాత స్నేహితులంతా ఒక వైపు. ఇది సరదా అవదు. ఇక ఫోన్‌లో అయితే "పదే పదే" అన్న దానికి అర్థమే మారిపోతుంది. పెట్టినవాడు ఒకసారే పెడతాడు. చూసిన ప్రతివాడితో అది మళ్లీ జరుగుతుంది.

అమ్మా, మీకు మూడు మాటలు. "ముందే ఎందుకు చెప్పలేదు" అని అడగకండి. ఫోన్ లాక్కోకండి. ఒట్టు వేసి, పాపకి చెప్పకుండా వెనక నుంచి బడికి వెళ్లకండి. "నేను మాట తప్పాల్సి వస్తోంది, ఎందుకో చెప్తాను, ఎవరికి ఎంత చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం" అనండి. రేపు జరిగేది తనకి ముందే తెలియాలి. ఆ పిల్ల చేతిలోంచి ఇప్పటికే చాలా జారిపోయింది.

నిద్ర బాగా తగ్గినా, తిండి మానేసినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి వచ్చినా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించాలంటే చినవాల్తేరు మానసిక వైద్యశాల ఉంది. పేరు విని జంకకండి.

వైజాగ్_రాజా
ఐటీ చట్టం 66ఏ కింద కేసు పెట్టి పారేయండి. ఒక్క రోజు స్టేషన్‌లో కూర్చోబెడితే తిక్క కుదురుతుంది. సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.

నల్లకోటు
వకీలుగా చెప్తున్నాను. 66ఏ ఇప్పుడు లేదండి. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. 1930 ముఖ్యంగా డబ్బు పోయిన మోసాలకి. దీనికైతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. పిల్లల విషయం కాబట్టి 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ కూడా ఉంది. నగరంలో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది, నేరుగా కూడా వెళ్లొచ్చు.

వేరొకరి పేరుతో, ఫోటోతో అకౌంట్ నడిపితే ఐటీ చట్టంలో 66సి, 66డి సెక్షన్లు చూస్తారు. మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. కానీ చేసినవాళ్లు 18 ఏళ్లలోపు పిల్లలైతే దారి వేరు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం వాళ్ల విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. ఇలాంటి చిన్న నేరాలకి మామూలుగా ఎఫ్ఐఆర్ కట్టరు, జనరల్ డైరీలో రాసి బోర్డుకి పంపుతారు. లాకప్‌లో పెట్టకూడదు. కాబట్టి రాజా గారు అన్నట్టు "కూర్చోబెట్టడం" కుదరదు, కుదరకపోవడమే మంచిది.

వైజాగ్_రాజా
అయితే వాళ్ల పేర్లు, ఫోటోలు కాలనీ గ్రూపుల్లో వేసేద్దాం. వాళ్లకీ తెలుస్తుంది ఎలా ఉంటుందో.

నల్లకోటు
వద్దు. విచారణలో ఉన్న పిల్లల పేరు, ఫోటో, బడి బయటపెడితే అదే చట్టంలో 74వ సెక్షన్ ఉంది. ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ పిల్లలు ఈ పాపతో చేసిన పనే కదా మనం చేద్దామంటున్నది?

టెన్త్_బెంచ్
నేను పదో తరగతి. మా అమ్మ ఐడీతో కాదు, నాదే. చెప్పొచ్చా?

కెరటం
చెప్పు నాన్నా. మాకంటే నీకే ఎక్కువ తెలుసు.

టెన్త్_బెంచ్
మా క్లాసు గ్రూపులో 43 మంది ఉంటే ఏడిపించేది నలుగురు. మిగతావాళ్లు నవ్వే బొమ్మ పెడతారు. నేనూ పెట్టాను. పెట్టకపోతే "నీకెందుకురా అంత బాధ, లవ్వా" అంటారు. తర్వాత మన మీద పడతారు. ఆ భయం పెద్దవాళ్లకి అర్థం కాదు.

మా క్లాసులో ఒక అబ్బాయికి నత్తి. వాడు చదువుతున్నప్పుడు రికార్డు చేసి స్టిక్కర్లు చేశారు. సార్లు వచ్చి లెక్చర్ ఇచ్చారు, ఏం తగ్గలేదు. తగ్గింది ఎప్పుడంటే, మా క్రికెట్ కెప్టెన్ గ్రూపులో "ఇది నాకు నచ్చలేదు, తీసేయండి" అని ఒక్క లైన్ పెట్టాడు. వెంటనే ఇంకో ఇద్దరు పెట్టారు. అప్పుడు నేనూ పెట్టాను. మర్నాటి నుంచి కెప్టెన్ వాడి పక్కనే కూర్చుని టిఫిన్ తిన్నాడు. అంతే.

ఆంటీ, ఫోన్ మాత్రం తీసుకోకండి. ఫోన్ పోతుందనే మేము ఇంట్లో చెప్పం.

జాలరిపేట_లక్ష్మి
నా పక్కన కూర్చుని అన్నం తినడానికి ఒక్కరు ఉండి ఉంటే చాలు బాబూ. ఐదేళ్లలో ఒక్కరు.

లెక్కల_మాస్టారు
టెన్త్_బెంచ్ చెప్పినది నిజం. ఫిన్లాండ్‌లో తుర్కు విశ్వవిద్యాలయం బడుల కోసం కివా అనే కార్యక్రమం తయారుచేసింది. దాని పట్టు అంతా చూస్తూ నిలబడేవాళ్ల మీదే. ఏడిపించేవాడికి కావలసింది నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వడం మానేస్తే అతనికి ఆ ఆటలో పస ఉండదు.

నేను ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. బడి తరఫున ఒక మాట ఒప్పుకోవాలి. చాలా బడుల్లో నోటితో చెప్పిన ఫిర్యాదు మధ్యాహ్నానికి మర్చిపోతారు. కాగితం మీద రాయండి. తేదీలు, ఏం జరిగింది, ఎవరు చూశారు. రెండు కాపీలు. ఒకదాని మీద ఆఫీసులో ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. మీది సీబీఎస్ఈ అన్నారు కాబట్టి "యాంటీ బుల్లీయింగ్ కమిటీ ముందు పెట్టండి" అని లేఖలో అడగండి. అలాంటి కమిటీ ఉండాలని సీబీఎస్ఈ 2015లోనే బడులకి సర్క్యులర్ పంపింది. ఆ మాట లేఖలో కనిపిస్తే మీకు ఇచ్చే కుర్చీ మారుతుంది.

సీతమ్మధార_శ్రీను
మాస్టారూ, క్లాసులో అందరూ నవ్వినప్పుడు ఆ తెలుగు సారు ఏం చేశారు? నాకు అదే అంతు పట్టడం లేదు.

మర్రిపాలెం_అమ్మ
సారు కూడా నవ్వారట. పాప ఇదివరకు నాకు చెప్పలేదు. ఈ రోజు చెప్పింది.

లెక్కల_మాస్టారు
అయితే మొదలైంది అక్కడే. టీచరు నవ్వితే పిల్లలకి అనుమతి దొరికినట్టే. నాకు సిగ్గుగా ఉంది.

సిక్కోలు_గుంటడు
నాది టెక్కలి. ఇంటర్‌కి విశాఖ వచ్చాను. హాస్టల్లో నన్ను పిలిచి "ఏదీ, ఓపాలి సెప్పు" అని మాట్లాడించుకుని నవ్వేవారు. ఆరు నెలల్లో నా మాట మార్చేశాను. అద్దం ముందు నిలబడి "ఏమిటి, ఎక్కడికి, చెప్పండి" అని ప్రాక్టీసు చేశాను. అందరూ బాగా మారాడన్నారు. పండక్కి ఇంటికెళ్లి "ఏమిటి నాన్నా" అంటే మా నాన్న ఒక్క క్షణం నా మొహం చూసి, ఏమీ అనకుండా పొలానికి వెళ్లిపోయాడు. అది ఇరవై ఏళ్ల కిందటి మాట. మా నాన్న ఇప్పుడు లేడు.

ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా. అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మా శ్రీకాకుళం జిల్లా. జనం మాట్లాడే భాషలోనే పాఠాలుండాలని జీవితమంతా పోరాడారు. అడవిలో ఉండే సవరల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు. ఆయన ఫోటోకి దండ వేసే బడిలోనే ఆయన ఊరి పక్క పిల్ల నోరు మూయించారు.

పాపని మాట మార్చుకోమని చెప్పకండి అక్కా. ఎక్కడ ఎలా మాట్లాడాలో పిల్లలు వాళ్లే నేర్చుకుంటారు. భయపడి మాత్రం మార్చుకోకూడదు.

మర్రిపాలెం_అమ్మ
తమ్ముడూ, ఇది మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డారు. ఇళ్ల మీదకి వెళ్తాననే మాట ఇంక అనలేదు.

డాల్ఫిన్_హిల్
మావారు నేవీ. మా బాబుకి ఇది నాలుగో బడి. వాడికి తెలుగు సరిగ్గా రాదని ఏడిపిస్తారు, మీ పాపకి ఇంకో రకం తెలుగు వచ్చని ఏడిపిస్తున్నారు. అంటే అసలు గొడవ భాషతో కాదు, కొత్తగా వచ్చిన పిల్లలతో. మా వాడికి నీళ్ల సీసా దాచేయడం, బస్సులో సీటు మీద బ్యాగు పెట్టేయడం. స్కూల్ బస్సులో పెద్దవాళ్లు ఒక్క డ్రైవరే కాబట్టి అక్కడే ఎక్కువ జరుగుతుంది. బస్సు సంగతి కూడా లేఖలో రాయండి.

నల్లకోటు
లేఖకి ముందు సాక్ష్యం. అకౌంట్ పేరు, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. తేదీ, టైము కూడా ఉండాలి. పేరు మార్చేస్తారు కాబట్టి ఈ రోజే తీయండి. పాప గ్రూపులోంచి బయటికి వచ్చే ముందు ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మీ మెయిల్‌కి పంపుకోండి. తర్వాతే అకౌంట్‌ని రిపోర్ట్ చేయండి, "మరొకరిలా నటిస్తున్నారు" అనే కారణం ఎంచుకోండి. ముందే రిపోర్ట్ చేస్తే అది మాయమై మీ చేతిలో ఏమీ మిగలదు.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక. మీ కేసులో నగ్న ఫోటోలు ఉంటే, నిజమైనవైనా మార్ఫింగ్ చేసినవైనా, వాటిని ఎవరికీ పంపకండి, సాక్ష్యం పేరుతో కూడా. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో, వర్తిస్తుంది. నేరుగా పోలీసులకి చూపించండి. 18 లోపు పిల్లల కోసం "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ కూడా ఉంది. ఫోటో మీ ఫోన్ దాటి పోదు, దాని గుర్తు సంఖ్య మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు దాంతో ఫోటోని వెతికి తీసేస్తాయి.

గాజువాక_నాన్న
మూడు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఉన్నాను. నేను అవతలి వైపు తండ్రిని. ఈ పాప కేసు కాదు, పోయిన సంవత్సరం మాది.

బడి నుంచి ఫోన్ వచ్చింది, మీ అబ్బాయి ఒక పిల్లాడి మీద మీమ్స్ చేస్తున్నాడని. "మా వాడు అలాంటోడు కాదు" అన్నాను. మొదటి మాట అదే వచ్చింది. వెళ్లి చూస్తే నలభై దాకా ఉన్నాయి. ఆ పిల్లాడికి తండ్రి లేడు. మా వాడు దాని మీద కూడా చేశాడు.

ఆ రాత్రి కొట్టాలని చెయ్యి ఎత్తాను. మా అమ్మ ఆపింది. "నీ దగ్గర నేర్చుకున్నదే అక్కడ చేస్తన్నాడు, మల్లీ నేర్పుతావా" అంది. నేను ఇంట్లో వాడిని, వాడి మార్కుల్ని వెక్కిరిస్తూనే ఉంటాను. బంధువుల ముందు కూడా. అది సరదా అనుకున్నాను ఇన్నాళ్లూ.

మర్నాడు వాడిని పక్కన కూర్చోబెట్టి ఒక్కొక్కటీ బయటికి చదవమన్నాను. ఎనిమిదో దానికి గొంతు రాలేదు. మిగతావి నేను చదివాను. తర్వాత తీసేశాడు, గ్రూపులో వాడే రాశాడు.

వైజాగ్_రాజా
అందరి ముందూ, అసెంబ్లీలో క్షమాపణ చెప్పించారా?

గాజువాక_నాన్న
చెప్పిద్దామని నేనే అడిగాను. ఆ పిల్లాడి తల్లి వద్దంది.

సీతమ్మధార_శ్రీను
ఎందుకు వద్దు? చేసింది అందరి ముందు కదా, చెప్పాల్సిందీ అందరి ముందే.

చినవాల్తేరు_సైకాలజిస్ట్
అసెంబ్లీలో ఆ రోజు వెయ్యి మంది చూసేది క్షమాపణ చెప్పేవాడిని కాదు, దెబ్బతిన్న పిల్లని. అప్పటిదాకా తెలియని వాళ్లకి కూడా తెలుస్తుంది. ఇద్దరినీ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి "చేతులు కలపండి" అనడం కూడా తప్పే. ఇద్దరి మధ్య తగాదా అయితే రాజీ. ఇది తగాదా కాదు. కావాలంటే ఉత్తరం రాయించండి. తీసుకోవాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం.

సీతమ్మధార_శ్రీను
నాకు ఇంకా పూర్తిగా ఒప్పుదల లేదు. నవ్విన ఆ క్లాసుకి తప్పని తెలిసేది ఎలా మరి?

లెక్కల_మాస్టారు
నవ్విన టీచరే మొదట చెప్పాలి. పేర్లు తీయకుండా, "ఆ రోజు నేను నవ్వాను, తప్పు చేశాను" అని. అది చాలు. నేను అలా ఒకసారి చెప్పాల్సి వచ్చింది. క్లాసులో ఎవరూ కదల్లేదు.

మర్రిపాలెం_అమ్మ
ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోవద్దు. సోమవారం నేనూ మా ఆయనా బడికి వెళ్లాం. ముందు రోజు పాపకి అంతా చెప్పాను. ఏడ్చింది, గంటసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ వాయిస్ అక్కడ వినిపించొద్దు, కాగితం మీద రాసినదే చూపించు" అంది. సరేనన్నాను, అలాగే చేశాను.

క్లాస్ టీచరు "పిల్లల ఆటలమ్మా" అని మొదలుపెట్టారు. లేఖలో కమిటీ మాట చదివాక వైస్ ప్రిన్సిపాల్‌ని పిలిచారు. ముద్ర వేయించుకున్నాం. గురువారం ముగ్గురు పిల్లల తల్లిదండ్రులని విడివిడిగా పిలిచారట. ఒక తండ్రి "ఫోన్లో జరిగింది బడికేం సంబంధం" అని గొడవ పెట్టుకున్నారని విన్నాను. వాయిస్ గ్రూపులో వేసిన అమ్మాయి తల్లి మాత్రం ఫోన్ చేసి ఏడ్చింది. ఆ అమ్మాయిని చూడాలని పాప అనుకోవడం లేదు. నేను బలవంతం చేయలేదు.

తెలుగు సారు ఇంకా ఏమీ అనలేదు.

పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. మొదటి అకౌంట్ పోయింది. శనివారం అదే ఫోటోతో ఇంకోటి వచ్చింది.

టెన్త్_బెంచ్
ఆంటీ, క్లాసులో ఎవరైనా తన పక్కన కూర్చుంటున్నారా?

మర్రిపాలెం_అమ్మ
ఒక అమ్మాయి. కంచరపాలెం నుంచి వస్తుంది. బస్సులో తనే వచ్చి కూర్చుందట. "మా ఇంట్లోనూ ఏటి అనే అంటారు" అందట. మొన్న ఇంటికి కూడా వచ్చింది, ఇద్దరూ గది తలుపు వేసుకుని ఒకటే గోల.

సిక్కోలు_గుంటడు
మరి అమ్మమ్మతో మాట్లాడిందా?

మర్రిపాలెం_అమ్మ
నిన్న రాత్రి. జీడి తోటలో కుక్క పిల్లల్ని పెట్టిందని అమ్మమ్మ చెప్తోంది. ఇది "ఎన్నేటి? ఎన్ని గుంటలెట్టింది? ఇంకోపాలి సెప్పు" అని అరుస్తోంది. నేను వంటింట్లో స్టవ్ కట్టేసి వింటూ నిలబడ్డాను.

నల్లకోటు
రెండో అకౌంట్ స్క్రీన్‌షాట్ తీశారా? పాత ఫిర్యాదు నంబరు చెప్పి ఇది కూడా అందులో కలపమనండి. కొత్త ఫిర్యాదుగా పెడితే మొదటికి వస్తుంది.

మర్రిపాలెం_అమ్మ
తీశాను. లింకుతో, టైముతో. నంబరు ఫ్రిజ్ మీద రాసి అంటించాను. రేపు పొద్దున్నే మా ఆయన సైబర్ స్టేషన్‌కి వెళ్తున్నారు.